గుడి, స్తోత్రం, పూజ పేజీలకు టైటిల్, డిస్క్రిప్షన్ ఎలా రాయాలి?



మన వీడియోలు చూసేవాళ్లలో చాలామంది ఏదో ఒక సేవ చేస్తూనే ఉంటారు. ఒకరు కాలనీ గుడి వెబ్‌సైట్ చూసుకుంటారు. ఇంకొకరు అమ్మమ్మ నోట్‌బుక్‌లో ఉన్న మంగళహారతులు టైప్ చేసి పెడతారు. మరొకరు స్తోత్రాలు తప్పుల్లేకుండా సరిచూసి అప్‌లోడ్ చేస్తారు. పేజీ లోపల అంతా బాగుంటుంది. గూగుల్‌లో వెతికితే మాత్రం "హోమ్" అనో, "పోస్ట్ 14" అనో కనిపిస్తుంది. దాని కింద మెనూలోంచి ఊడిపడ్డ నాలుగు ముక్కలు. అది చూసి ఎవరు లోపలికి వస్తారు చెప్పండి?

ఈ పాఠం ఆ రెండు లైన్ల గురించే. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వారం రోజులూ వెబ్ పేజీలే నా పని, ఆదివారాలు మా ఏరియా గుడి సైట్ పని. మీకు కోడింగ్ రాకపోయినా ఇది పూర్తిగా అర్థమవుతుంది.

ఏది టైటిల్, ఏది డిస్క్రిప్షన్

గూగుల్‌లో ఏదైనా వెతకండి. ప్రతి ఫలితంలో పెద్ద అక్షరాలతో, నొక్కడానికి వీలుగా ఉండే లైనే టైటిల్. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు మూడు లైన్లని స్నిపెట్ అంటారు. ఆ స్నిపెట్ కోసం మనం రాసిచ్చే వాక్యమే మెటా డిస్క్రిప్షన్.

ఈ రెండూ పేజీలో పైకి కనిపించే హెడ్డింగులు కావు. పేజీ కోడ్‌లో "హెడ్" అనే భాగంలో ఉంటాయి. బ్లాగర్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో "సెర్చ్ డిస్క్రిప్షన్" ఆన్ చేస్తే, ఆ తర్వాత ప్రతి పోస్టు పక్కన దానికోసం ఒక గడి వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా ఒక ఎస్‌ఈఓ ప్లగిన్ పెట్టుకుంటే చాలు.

టైటిల్ ఇంకా చాలాచోట్ల పనికొస్తుంది. బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించేది అదే. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్ వాడితే, పేజీ తెరవగానే ముందుగా వినిపించేది కూడా అదే. వాట్సాప్‌లో లింక్ పంపినప్పుడు వచ్చే చిన్న పెట్టెకి "ఓపెన్ గ్రాఫ్" అనే వేరే ట్యాగులు ఉంటాయి. చాలా ప్లగిన్లు అక్కడ కూడా ఈ టైటిల్‌నే వాడతాయి.

ఆ రెండు లైన్లూ మనం ఇచ్చే మాట

అసలు విషయం ఇక్కడుంది, జాగ్రత్తగా చదవండి.

శుక్రవారం పొద్దున ఒకావిడ కుంకుమార్చనకి కూర్చున్నారనుకోండి. ఫోన్‌లో లలితా సహస్రనామం వెతుకుతారు. ఆవిడకి కావలసింది నామావళి. అంటే ఒక్కొక్క నామం విడివిడిగా, చివర "నమః"తో ఉండేది. మీ పేజీలో ఉన్నది స్తోత్రం, అంటే శ్లోకాల రూపంలో పారాయణ చేసేది. టైటిల్‌లో "లలితా సహస్రనామం" అని మాత్రమే ఉంటే ఆవిడ మీ పేజీ తెరుస్తారు, కావలసింది దొరకదు, వెనక్కి వెళ్తారు, ఇంకోటి తెరుస్తారు. అక్కడ దీపం కొండెక్కుతుంది, ఇక్కడ మీ పేజీ మీద నమ్మకం పోతుంది.

అదే టైటిల్‌లో "లలితా సహస్రనామ స్తోత్రం" అనో, "లలితా సహస్రనామావళి – అర్చన కోసం" అనో ఉంటే? ఆవిడకి అర నిమిషంలో పని అయిపోతుంది. కావలసింది మీ దగ్గర లేకపోతే ఆ సంగతి కూడా ముందే తెలిసిపోతుంది. అదీ సేవే.

అంటే టైటిల్, డిస్క్రిప్షన్ రాయడం ప్రకటన రాయడం లాంటిది కాదు. మనకి తెలియని ఒక మనిషికి రెండు లైన్లలో మాట ఇవ్వడం. లోపల ఉన్నదే చెప్పాలి, వెతికేవాళ్ల మాటల్లో చెప్పాలి. కింద చెప్పే సూత్రాలన్నీ దీని నుంచి వచ్చినవే.

గూగుల్ మన మాట ఎప్పుడు వింటుంది?

చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. "నేను ఒక టైటిల్ రాశాను, గూగుల్ ఇంకోటి చూపిస్తోంది, ఎందుకు?" అని.

2021 ఆగస్టులో గూగుల్ ఫలితాల్లో టైటిల్ తయారుచేసే పద్ధతిని మార్చింది. మనం రాసిన టైటిల్ సరిగ్గా లేదని దానికి అనిపిస్తే, పేజీలోని పెద్ద హెడ్డింగ్ నుంచో, వేరే పేజీలు మనకి ఇచ్చిన లింకుల్లోని మాటల నుంచో తీసుకుని చూపిస్తుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం, దాదాపు 87% సందర్భాల్లో మనం రాసిన టైటిల్ ఆధారంగానే చూపిస్తోంది. కాబట్టి రాయడం వృథా కాదు. సరిగ్గా రాస్తే ఎక్కువసార్లు మన మాటే నిలుస్తుంది.

ఎప్పుడు మారుస్తుంది? టైటిల్ ఖాళీగా ఉన్నప్పుడు, అన్ని పేజీలకీ ఒకే టైటిల్ ఉన్నప్పుడు, పాత సంవత్సరం అలాగే ఉండిపోయినప్పుడు, ఒకే మాటని నాలుగైదు సార్లు కుక్కినప్పుడు. మన తెలుగువాళ్లకి ముఖ్యమైనది ఇంకోటి ఉంది. పేజీలో విషయం తెలుగు లిపిలో ఉండి, టైటిల్ మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటే, గూగుల్ ఆ తేడాని గుర్తించి పేజీ భాషకి, లిపికి సరిపోయే టైటిల్ కోసం చూస్తుంది. 2022 జూన్‌లో ఈ మార్పు ప్రకటించింది. కాబట్టి సూత్రం సులువు: పేజీ ఏ లిపిలో ఉంటే టైటిల్ కూడా ఆ లిపిలోనే ఉండాలి.

"మరి ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసి వెతికేవాళ్ల సంగతేంటి?" అంటారా? మంచి ప్రశ్న. బెంగళూరులో, అమెరికాలో పెరిగిన మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లకోసం అదే స్తోత్రాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి వేరే పేజీగా పెట్టండి. ఆ పేజీ టైటిల్ కూడా ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉంటుంది. ఒకే టైటిల్‌లో రెండు లిపులు ఇరికిస్తే, ఫోన్ స్క్రీన్ మీద రెండూ సగం సగమే కనిపిస్తాయి.

ఇక డిస్క్రిప్షన్ దగ్గరికి వద్దాం. గూగుల్ స్నిపెట్‌ని ఎక్కువగా పేజీలోని విషయం నుంచే తీస్తుంది. మనం రాసిన డిస్క్రిప్షన్ పేజీని ఇంకా బాగా వివరిస్తోందని అనిపిస్తే దాన్ని వాడుతుంది. పైగా ఒకే పేజీకి, వెతికిన మాటని బట్టి వేరే వేరే స్నిపెట్లు రావచ్చు. అందుకే డిస్క్రిప్షన్‌తో పాటు పేజీలో మొదటి పేరా కూడా సూటిగా ఉండాలి. "అనాది కాలం నుంచి మన సంస్కృతిలో" అని మొదలుపెట్టి మూడో పేరాలో అసలు విషయానికి వస్తే, గూగుల్‌కి చూపించడానికి ఏమీ దొరకదు.

ఒక అపోహ కూడా తీసేద్దాం. "కీవర్డ్స్" అనే మెటా ట్యాగ్‌లో వంద మాటలు నింపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ర్యాంకింగ్ కోసం ఆ ట్యాగ్‌ని చూడమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. డిస్క్రిప్షన్ కూడా ర్యాంకు పెంచదు. ఫలితం ఎన్నో స్థానంలో ఉన్నా, చదివిన మనిషి నొక్కాలా వద్దా అని తేల్చుకోవడానికి సాయం చేస్తుంది, అంతే.

తెలుగు అక్షరాల లెక్క వేరు

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా "టైటిల్ 60 అక్షరాలు, డిస్క్రిప్షన్ 160 అక్షరాలు" అనే సూత్రం కనిపిస్తుంది. అది ఇంగ్లీషుని చూసి వేసిన అంచనా. గూగుల్ ఏ పరిమితీ పెట్టలేదు. స్క్రీన్ మీద ఎంత చోటు ఉంటే అంత చూపించి, మిగతాది చుక్కలు పెట్టి కత్తిరిస్తుంది. ఆ చోటు కూడా మారుతూ ఉంటుంది. 2017 డిసెంబర్‌లో స్నిపెట్లని బాగా పొడిగించారు, 2018 మేలో మళ్లీ కుదించారు.

తెలుగులో ఇంకో చిక్కుంది. "స్తోత్రం" అనే మాట మన కంటికి రెండక్షరాలు: స్తో, త్రం. కంప్యూటర్ మాత్రం స, పొల్లు, త, ఓత్వం, త, పొల్లు, ర, సున్నా అని ఎనిమిది లెక్కపెడుతుంది. "లలితా సహస్రనామ స్తోత్రం" అంటే మనకి పది అక్షరాలు. కంప్యూటర్‌కి ఖాళీలతో కలిపి 23. అందువల్ల ప్లగిన్‌లో ఉండే ఎర్ర గీత, పచ్చ గీత తెలుగుకి సరిగ్గా పనిచేయవు. ఒత్తులు కిందికి వెళ్తాయి కాబట్టి స్క్రీన్ మీద వెడల్పు అంతగా పెరగదు. ప్లగిన్ "పొడవెక్కువ" అని అరుస్తుంటే, ఫోన్‌లో మొత్తం చక్కగా కనిపిస్తూ ఉండొచ్చు.

కాబట్టి అంకెలు వదిలేయండి. ఈ రెండు పనులు చేయండి:

1. ముఖ్యమైన మాట ముందు పెట్టండి. చివర కత్తిరించినా అర్థం చెడకూడదు.
2. రాశాక మీ ఫోన్‌లోనే చూడండి. కంటికి ఎంత కనిపిస్తే అదే లెక్క.

మన పేజీల్లో ఇక్కడే ఒక అలవాటు అడ్డొస్తుంది. ప్రతి టైటిల్‌నీ "ఓం శ్రీ మాత్రే నమః" అనో, "శ్రీ శ్రీ శ్రీ" అనో మొదలుపెడతాం. భక్తి మంచిదే, కానీ టైటిల్‌లో సగం చోటు దానికే పోతే వెతికేవాళ్లకి అసలు పేరు కనిపించదు. ఆ నమస్కారాన్ని పేజీ మొదట్లో పెట్టుకోండి. టైటిల్‌లో ఒక్క "శ్రీ" చాలు. అలాగే టైటిల్ చివర సైట్ పేరు పొడుగ్గా రాయనక్కర్లేదు. 2022 నుంచి గూగుల్ సైట్ పేరుని ఫలితంలో విడిగా పైన చూపించడం మొదలుపెట్టింది.

మూడు ఉదాహరణలు

మొదటిది, పూజా విధానం పేజీ.

ముందు: "పూజలు | వ్రతాలు | పండుగలు | హోమ్"
తర్వాత: "వినాయక చవితి పూజా విధానం – సామగ్రి, వ్రత కథ"
డిస్క్రిప్షన్: "వినాయక చవితి పూజ ఇంట్లో మీరే చేసుకోవడానికి కావలసిన సామగ్రి, 21 పత్రాల పేర్లు, సంకల్పం నుంచి ఉద్వాసన వరకు క్రమం. చివర వ్రత కథ కూడా ఉంది."

చూడండి, ఇందులో "అద్భుతమైన", "తప్పక చదవండి" లాంటి మాటలు లేవు. లోపల ఏముందో ఉంది. పురోహితుడు దొరకని ఊళ్లో ఉన్న కొత్త దంపతులకి ఈ రెండు వాక్యాలు చాలు, ఇది మాకోసమే అని తెలిసిపోతుంది.

రెండోది, గుడి పేజీ.

ముందు: "భీమేశ్వర స్వామి ఆలయం"
తర్వాత: "ద్రాక్షారామం భీమేశ్వర స్వామి ఆలయం – దర్శన వేళలు, దారి"

ఊరి పేరు ఎందుకంత ముఖ్యం? పంచారామాల్లోనే చూడండి. ద్రాక్షారామంలో స్వామి భీమేశ్వరుడు. సామర్లకోటలో స్వామి కూడా భీమేశ్వరుడే, కుమారారామ భీమేశ్వరుడు. ఇటు వేములవాడలోనూ భీమేశ్వరాలయం ఉంది. ఊరు పేరు లేకపోతే హైదరాబాద్ నుంచి కారు తీసే మనిషి ఏ గుడి వేళలు చూసి బయల్దేరుతున్నట్టు? వేంకటేశ్వర స్వామి, ఆంజనేయ స్వామి, శివాలయం అన్న పేర్లయితే చెప్పనే అక్కర్లేదు. కాలనీ గుడి అయితే కాలనీ పేరు, నగరం పేరు రెండూ పెట్టండి.

మూడోది, స్తోత్రం పేజీ.

ముందు: "హనుమాన్ చాలీసా హనుమాన్ చాలీసా తెలుగు హనుమాన్ చాలీసా లిరిక్స్"
తర్వాత: "హనుమాన్ చాలీసా తెలుగు లిపిలో – ప్రతి పద్యానికీ అర్థం"
డిస్క్రిప్షన్: "హనుమాన్ చాలీసా పూర్తి పాఠం పెద్ద అక్షరాల తెలుగులో. ప్రతి పద్యం కింద సులువైన తెలుగు అర్థం. కొత్తగా నేర్చుకునే పిల్లలకీ, పెద్దవాళ్లకీ వీలుగా."

జపానికైతే ఒకే నామం మళ్లీ మళ్లీ అనాలి. టైటిల్‌కి ఒక్కసారి చాలు!

వీడియోలకి కూడా ఇదే పద్ధతి. యూట్యూబ్‌లో వీడియో టైటిల్‌కి 100 క్యారెక్టర్ల పరిమితి ఉంది. తెలుగులో అది ఎంత త్వరగా అయిపోతుందో "స్తోత్రం" లెక్క చూశారు కదా. అందుకే అక్కడ కూడా పేరు ముందు, వివరం తర్వాత.

తేదీలు, వేళలు: ఇక్కడ చాలా జాగ్రత్త

స్నిపెట్ చదివిన ప్రతివాళ్లూ పేజీలోకి రారు. చాలామంది అక్కడ కనిపించిన దాన్నే నిజమనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. వినాయక చవితి 2024లో సెప్టెంబర్ 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న వచ్చింది. మీ డిస్క్రిప్షన్‌లో "ఈ ఏడాది సెప్టెంబర్ 7న" అని రాసి మర్చిపోతే, మరుసటి ఏడాది చదివిన మనిషికి పదకొండు రోజుల తేడా. సెలవు పెట్టుకునేవాళ్లు, ఊరెళ్లడానికి టికెట్లు బుక్ చేసుకునేవాళ్లు ఆ ఒక్క లైన్‌ని నమ్ముతారు.

అందుకని ఇలా విడగొట్టుకోండి. పూజా విధానం, కథ, స్తోత్రం ఏటా మారవు. వాటి టైటిల్‌లో సంవత్సరం పెట్టకండి. తేదీ, ముహూర్తం, ఉత్సవాల కార్యక్రమం మారతాయి. వాటికి వేరే పేజీ ఉండాలి, టైటిల్‌లో సంవత్సరం తప్పనిసరిగా ఉండాలి. "ఈ ఏడాది", "రేపు", "ఈసారి" అనే మాటలు డిస్క్రిప్షన్‌లో అస్సలు వద్దు.

గుడి వేళలు కూడా అంతే. ధనుర్మాసంలో తెల్లవారుజామునే తెరుస్తారు, గ్రహణం రోజు మూసేస్తారు. డిస్క్రిప్షన్‌లో "మామూలు రోజుల్లో" అని స్పష్టంగా రాసి, పండుగలకీ గ్రహణాలకీ పేజీలో చూడమని చెప్పండి. అరవై కిలోమీటర్లు వచ్చి తలుపులు మూసి ఉండటం చూసి తిరిగి వెళ్లే బాధ మన లైన్ వల్ల ఎవరికీ రాకూడదు.

భయపెట్టే టైటిళ్లు మనకి వద్దు

"ఈ రోజు ఈ పని చేస్తే ఇంట్లో దరిద్రం!" "ఈ వస్తువు ఇంట్లో ఉంటే లక్ష్మీదేవి వెళ్లిపోతుంది!" ఇలాంటివి మీరు రోజూ చూస్తూనే ఉంటారు. క్లిక్కులు వస్తాయి, కాదనను. కానీ అది ఎవరి మీద పనిచేస్తుందో ఆలోచించండి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనివాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, పెళ్లి కుదరక దిగులుపడుతున్నవాళ్లు. వాళ్ల భయంతో మన లెక్కలు పెంచుకోవడం భక్తి అవుతుందా?

సాంకేతికంగా చూసినా అది నిలబడదు. టైటిల్‌లో భయం, లోపల ఏమీ లేని విషయం ఉంటే, వచ్చినవాళ్లు వెంటనే వెళ్లిపోతారు. రెండోసారి మీ పేరు చూస్తే నొక్కరు. ఒక పరీక్ష పెట్టుకోండి. మీ టైటిల్‌ని మీ నాన్నమ్మకి పైకి చదివి వినిపించగలరా? ఆవిడ కంగారుపడితే మార్చండి.

"అధికారిక" అనే మాట రుజువు కాదు

ఇది రాసేవాళ్ల కంటే చదివేవాళ్లుగా మనకి ఎక్కువ అవసరం. టైటిల్‌లో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. "అధికారిక వెబ్‌సైట్", "దర్శనం టికెట్లు", "రూమ్ బుకింగ్" అని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తిరుమల పేరుతో నకిలీ సైట్లు పెట్టి డబ్బు లాగేవాళ్ల గురించి టీటీడీ చాలాసార్లు హెచ్చరించింది. కాబట్టి డబ్బు కట్టే ముందు టైటిల్‌ని కాదు, సైట్ చిరునామాని చూడండి. టీటీడీ సైట్ చిరునామా "డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తుంది. ఆ "గవ్ డాట్ ఇన్" ముగింపు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి తప్పకుండా చెప్పండి.

మీరు గుడి విరాళాల పేజీ చూసుకుంటుంటే, టైటిల్‌లో గుడి పూర్తి పేరు, ఊరు ఉండాలి. గుడి బోర్డు మీద, రసీదు మీద ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. భక్తులు పోల్చి చూసుకోగలుగుతారు.

ఈ వారం సాధన

1. గూగుల్‌లో "సైట్" అనే మాటని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైట్ చిరునామా కొట్టండి. గూగుల్‌కి తెలిసిన మీ పేజీలు వరుసగా వస్తాయి.
2. ఒకే టైటిల్ ఉన్న పేజీలు, టైటిల్ సరిగ్గా లేని పేజీలు ఒక కాగితం మీద రాసుకోండి.
3. వాటిలో ఐదు తీసుకోండి. ఒక్కొక్కదానికీ ఈ ప్రశ్న వేసుకోండి: దీన్ని వెతికేవాళ్లు ఎవరు, ఏ పని మీద ఉన్నారు, ఏ మాట టైప్ చేస్తారు?
4. టైటిల్ రాయండి. తర్వాత రెండు వాక్యాల డిస్క్రిప్షన్. లోపల లేనిది ఒక్క మాట కూడా ఉండకూడదు.
5. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. అందులో ఆ పేజీని మళ్లీ చూడమని అడగండి. మార్పు కనిపించడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పట్టొచ్చు.
6. నెల తర్వాత అదే చోట ఎంతమందికి కనిపించింది, ఎంతమంది నొక్కారు అని పోల్చండి. చాలామందికి కనిపించి కొద్దిమందే నొక్కుతున్న పేజీ ఉంటే, దాని టైటిల్‌ని మళ్లీ చదవండి.

ఐదు పేజీలకి గంట కంటే ఎక్కువ పట్టదు. పెద్దవాళ్లు ఎన్నో ఏళ్లు నోటితో, చేతిరాతతో కాపాడిన పాఠాన్ని మీరు టైప్ చేసి పెట్టారు. అది కావలసిన మనిషికి చేరడానికి ఇంకా మిగిలింది ఆ రెండు లైన్లే. వాటిని నిజంగా, స్పష్టంగా రాయండి.

వచ్చే పాఠంలో గుడి ఫొటోలకి పేర్లు, వివరణలు ఎలా రాయాలో చూద్దాం. అప్పటిదాకా సెలవు. శుభం.